బోరబండ దాకా ఎగిరిన ల్యాప్‌టాప్

లీలాకుమారి నోట్లో పడితే చిన్నది పెద్దదవుతుందని ఫిల్మ్‌నగర్‌లో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళపాటు తెరమీద తల్లులకీ అత్తలకీ గొంతు అరువిచ్చిన మనిషి. డబ్బింగ్ అంటే ఏముంది, తెరమీద పెదవి ఎంతసేపు కదిలితే అంతసేపు మాట నింపాలి. కాగితం మీద రాసిన మాటలు అయిపోయినా పెదవి ఇంకా కదులుతోందనుకోండి, "అయ్యో నా తండ్రీ" అనో, "ఎంత మాటన్నావురా" అనో ఏదో ఒకటి వేసి పూడ్చేసేది. ఆ అలవాటు మాత్రం పని తగ్గినా తగ్గలేదు. ఎక్కడ ఖాళీ కనిపించినా నింపేస్తుంది. కూరలో ఉప్పు ఎందుకు లేదని అడిగితే, ఉప్పు కొట్టువాడి పెద్దకూతురి పెళ్ళి దగ్గర్నుంచి చెబుతుంది.

అలాంటి మనిషిని శనివారం సాయంత్రం నాగసాయి టీ బండి దగ్గర కూర్చోబెట్టి, "జరిగింది జరిగినట్టు చెప్పండి ఆంటీ" అని అడిగింది మనోజ.

మనోజ జూబ్లీహిల్స్‌లో ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారాలు వెంగళరావు నగర్‌లో తన ఇంటి మేడమీది గదిలో సినిమావాళ్ళకి కంప్యూటర్ నేర్పుతుంది. సినిమావాళ్ళంటే పోస్టర్ల మీద కనిపించేవాళ్ళు కాదు. డబ్బింగ్ చెప్పేవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు, కాస్ట్యూములు చూసేవాళ్ళు, సౌండు చూసేవాళ్ళు. ఆఫీసులు వద్దనుకున్న పాత కంప్యూటర్లు తెచ్చి, వాటిలో లైనక్స్ అని డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ వేసి, తలొకటి ఇచ్చింది. ఇప్పుడు డబ్బింగ్ పని సగం ఇంట్లోంచే జరిగిపోతోంది. ఎవరి గొంతు వాళ్ళు ఇంట్లో రికార్డు చేసి పంపాలి. అందుకో ప్రోగ్రామ్ కావాలి. అది ఈ పాత కంప్యూటర్లకి తయారుగా దొరకలేదు. తయారైనదైతే ఒక్క నొక్కుతో వచ్చి కూర్చునేది. ఇది అలా కాదు. రాసినవాళ్ళు రాసింది రాసినట్టుగా, సోర్స్ కోడ్ అంటారే, అది తెచ్చుకుని ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళే ప్రోగ్రామ్‌గా తయారు చేసుకోవాలి. మనోజ ఆ పని రెండు ఆదివారాలు నేర్పి చూసింది. ఒక్కరికీ రాలేదు. "రావట్లేదు మేడమ్" అనడం తప్ప ఎక్కడ రావట్లేదో ఎవరూ చెప్పలేదు.

అలాంటిది, నిన్న సాయంత్రం లీలాకుమారి ఫోన్ చేసి, అవతలివాళ్ళ చెవి గింగురుమనేలా అరిచింది. "అయిపోయింది మనోజా! నేనే చేసుకున్నాను! ఎవరి సాయమూ లేకుండా!"

మనోజ అంది. "అయితే రేపు ఎలా చేశారో నాకు మొదటినుంచి చెప్పండి. మీరు చెబితే వీళ్ళకి అర్థమవుతుందనిపిస్తే, ఆదివారం క్లాసు మీదే. లేకపోతే మా ఆఫీసులో సిద్ధార్థ వస్తానన్నాడు."

ఇదీ సంగతి. లీలమ్మకి ఈ క్లాసు కావాలి. ఎంత కావాలో పైకి చెప్పుకోదు. పోయిన నెల చిన్న వేషానికి గొంతు ఇవ్వమని పిలిచారు. చెవిలో విన్న మాట మైకు దగ్గరికి వచ్చేలోపల మాయమైపోయింది. మళ్ళీ విన్నది. మళ్ళీ మాయమైంది. చివరికి ఒక కుర్రాడు వచ్చి మర్యాదగా, "అమ్మా, మీరు కాసేపు రెస్ట్ తీసుకోండి" అన్నాడు. ఆ కాసేపు ఇంకా అయిపోలేదు. మళ్ళీ పిలుపు రాలేదు. తను చెబుతుంటే ఆరుగురు నోరు తెరుచుకుని వినే గది ఒకటి ఉందంటే, ఆ గదిలోకి వెళ్ళాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

అందుకే ఆటోలో వస్తూ దారంతా మూడు మాటలు జపించుకుంటూ వచ్చింది. ఆ పనంతా మూడు మాటల్లో ఉంది. మొదటిది కన్ఫిగర్. మూడోది ఇన్‌స్టాల్. బెంచీ మీద కూర్చుని టీ గ్లాసు అందుకుంటూ ఇంకోసారి అనుకుని చూసుకుంది. కన్ఫిగర్... ఇన్‌స్టాల్. మధ్యది లేదు. ఆటోలో ఉంది, ఇప్పుడు లేదు. దాని చోట "మేకప్" అనే మాట వచ్చి కూర్చుంది. అది కాదని తెలుసు. నిన్న అదే కొడితే, అలాంటి మాట నాకు తెలియదని కంప్యూటర్ మొహం మీదే చెప్పింది. మరి అసలు మాటేది? ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. మనోజ ఎదురుగా ఉంది.

"అమ్మా, ఏందో కంప్యూటర్ కథ అంటివి గదా, షురూ జెయ్," అన్నాడు నాగసాయి, స్టవ్ మంట తగ్గిస్తూ. రోజూ బోరబండ నుంచి వచ్చి ఈ సందులో బండి పెడతాడు. పక్కనే ఉన్న డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజినీరు శామ్సన్ కూడా గ్లాసు పట్టుకుని వచ్చి చేరాడు. అతనూ మనోజ క్లాసులో విద్యార్థే.

"ఏముందిలే నాయనా, చిన్న పనే," అని మొదలుపెట్టింది లీలమ్మ, ఎంతో వినయంగా. ఆమె వినయంగా మొదలుపెట్టిందంటే ఎక్కడ తేలుతుందో తెలిసిన శామ్సన్, బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"నిన్న మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఈ సోర్స్ కోడ్ అనేది మూటలా వస్తుంది. మూట దించుకున్నాను, ముడి విప్పాను. విప్పితే, ఔట్‌డోర్‌కి యూనిట్ బస్సు వచ్చి ఆగితే జనం ఎలా దిగుతారు, అలా దిగాయమ్మా ఫైళ్ళు, ఒకదాని వెనక ఒకటి, ఆగితేనా! అందులో ఒక ఫైలు పేరేంటో తెలుసా? 'రీడ్ మీ'. నన్ను చదువు అని పేరే పెట్టుకుంది పాపం. అయినా దాని మొహం ఎవరూ చూడరట. మనోజా, నువ్వు చూస్తావా?"

"ఎప్పుడో గానీ చూడను ఆంటీ," మనోజ నిజం ఒప్పేసుకుంది.

"విన్నారా? ఇంజినీర్లే చూడరు. నేను చూశాను. చూడటమేమిటి, పైకి చదివాను. కొడుకుని పోలీసులు తీసుకెళ్తుంటే తల్లి గుమ్మం పట్టుకుని ఏడుస్తుందే, ఆ గొంతుతో చదివాను. దాంతో ఫైలు కరిగిపోయింది. ఇన్నాళ్ళకి నన్ను చదివే మనిషి దొరికింది అని..."

"ఫైలు ఏడ్చిందాండీ?" అన్నాడు శామ్సన్.

"స్క్రీన్ తడిసిపోయింది శామ్సనూ. కొంగు పెట్టి తుడిచాను."

"గిది షురూ ఐంది," అని నాగసాయి ఇంకో గ్లాసు కడిగాడు.

"ఆ రీడ్ మీ ఏం చెప్పిందో తెలుసా? తల్లీ, మూడంటే మూడు మాటలు, వరసగా కొట్టు, ఇక నేను నీదాన్ని అంది. మొదటిది కన్ఫిగర్. ఊరికే కన్ఫిగర్ కాదు. ముందు చుక్క పెట్టాలి, పక్కన వాలుగీత గియ్యాలి, అప్పుడు కన్ఫిగర్."

"చుక్క ఎందుకండీ అసలు? మేడమ్ చెప్పారు గానీ నాకు ఎక్కలేదు," అన్నాడు శామ్సన్.

"ఊళ్ళో ఆ పేరుగలవాళ్ళు ఎంతమందో ఉంటారు నాయనా. చుక్కా గీతా పెడితే, ఇదిగో ఇక్కడే, ఈ గదిలోనే ఉన్న కన్ఫిగర్‌ని పిలుస్తున్నాను అని అర్థం. మనవాడే పలుకుతాడు. వాడెవరనుకున్నావ్? ప్రొడక్షన్ మేనేజరు! పొద్దున్నే లొకేషన్‌కి వచ్చి అట్ట పట్టుకుని తిరుగుతాడు చూడు. కెమెరా ఉందా, ఉంది. లైట్లు ఉన్నాయా, ఉన్నాయి. జనరేటర్ వచ్చిందా, వచ్చింది. అన్నీ ఉంటేనే షూటింగ్, ఒక్కటి లేకపోయినా ప్యాకప్. కంప్యూటర్‌లో వాడూ అంతే, ఇది ఉందా, ఎస్, అది ఉందా, ఎస్, అనుకుంటూ గీతలు గీతలుగా పోతాడు."

"ఓర్నీ, ఆ పరిగెత్తే గీతలు అవేనా!" శామ్సన్ తొడ మీద కొట్టుకున్నాడు. "వైరస్ ఎక్కిందనుకుని మొదటి ఆదివారం నేను ప్లగ్గు పీకేశానండీ!"

మనోజ టీ తాగడం ఆపి శామ్సన్ వైపు చూసింది. ఆ తర్వాత లీలమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఏదో మెత్తదనం కనిపించి లీలమ్మకి ప్రాణం లేచొచ్చింది. క్లాసు సగం వచ్చేసినట్టే. మధ్య మాట ఒక్కటి దొరికితే చాలు. గొంతు సాగదీస్తూ లోపల వెతుక్కుంటోంది. మ... మ... మేకప్. ఛీ, నువ్వు పో.

"అలా ఎస్, ఎస్ అంటూ వచ్చి, ఒకచోట నో అన్నాడు. ఏం లేదయ్యా అంటే, లైబ్రరీ లేదు అన్నాడు. లైబ్రరీ లేకపోవడమేమిటి, వెంగళరావు నగర్లో నిక్షేపంలా ఉంటేనూ! ఆటో ఎక్కి అక్కడికే వెళ్ళాను."

మనోజకి టీ పొలమారింది. "నిజంగా లైబ్రరీకి వెళ్ళారా?"

"వెళ్ళానే!" అంది లీలమ్మ. ఇదొక్కటీ పచ్చి నిజం. "లైబ్రేరియన్ కళ్ళజోడు సవరించుకుని, ఎవరమ్మా మా లైబ్రరీ లేదన్నది అంది. నేను కంప్యూటర్ అడిగిన పేరు చెప్పాను. ఆవిడ బీరువాలన్నీ వెతికింది. పై అరలు కూడా. దొరక్కపోయేసరికి ఆవిడకి పౌరుషం వచ్చింది. తలుపులు మూసి తాళం వేసి, పదండి ఆ యంత్రం ఎక్కడుందో చూపించండి అని నాతో ఆటో ఎక్కేసింది." తాళం దగ్గర్నుంచి నిజం దిగిపోయి, ఆటోలో ఇద్దరు కాదు లీలమ్మ ఒక్కతే వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు.

"లైబ్రరీ అంటే ఏంది మల్ల, పుస్తకాలది గాదా?" అన్నాడు నాగసాయి.

"ఇంకెవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్ ముక్క," అంది మనోజ నవ్వాపుకుంటూ. "అది కూడా మన కంప్యూటర్‌లో ఉంటేనే ఇది నడుస్తుంది."

"అదే నేను చెప్పబోతున్నా," అని లీలమ్మ మాట లాక్కుంది. "తెరమీద హీరోయిన్ ఉంటుంది. ఆమెకి తెలుగు రాదు. పక్కన మాలాంటి గొంతు ఉంటేనే ఆమె పలుకుతుంది. లైబ్రరీ అంటే అరువు గొంతు. సరే, ఆ గొంతుని పిలుచుకొచ్చాను. వస్తే, నాకు ఇంకో లైబ్రరీ కావాలి అంది. దాన్ని తెస్తే అది ఇంకోదాన్ని అడిగింది. ఇక మొదలైంది చూడండి! హీరోని పిలిస్తే హీరో ఒక్కడే వస్తాడా? వెనకాల మే..."

టక్కున ఆగింది. ఆ మాట నోటితో అన్నదంటే ఇక అదే అతుక్కుపోతుందని భయం.

"...హెయిర్ డ్రస్సర్ వస్తాడు," అని తిప్పేసింది. "హెయిర్ డ్రస్సర్‌కి అసిస్టెంటు, అసిస్టెంటుకి గొడుగు పట్టేవాడు, గొడుగువాడికి కుర్చీ మోసేవాడు, కుర్చీవాడికి బావమరిది, ఊరికే షూటింగ్ చూడ్డానికి వచ్చినవాడు, వాడు కూడా కావాల్సిందేనట! నా గుమ్మం దగ్గర్నుంచి వరస కట్టి నిలబడ్డారు. ఆ వరస ఎక్కడిదాకా పోయిందో తెలుసా? జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా! కార్లు ఆగిపోయాయి, డ్రైవర్లు దిగి ఏంటమ్మా ఈ జనం అంటే, వీళ్ళంతా నా ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళాలి బాబూ, కాస్త దారివ్వండి అన్నాను."

"గంత మంది వస్తే నా బండి కాడికి ఒక్కడన్న రాలేదేందమ్మా?" అన్నాడు నాగసాయి.

"నీ చాయ్‌కి లైబ్రరీ లేదన్నారు," అంది లీలమ్మ.

శామ్సన్ పొట్ట పట్టుకున్నాడు. నాగసాయి కూడా నవ్వాడు. మనోజ కూడా నవ్వి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అడిగింది. "మొదటి మాట భలే చెప్పారాంటీ. రెండోది?"

లీలమ్మ లోపల ఖాళీ. డబ్బింగ్ థియేటర్ చీకట్లో పెదవి కదులుతున్నట్టే ఉంది, కాగితం మాత్రం తెల్లగా ఉంది.

"రెండోది కొట్టాను," అంది గంభీరంగా. "కొట్టడమంటే మామూలుగానా! వేళ్ళు విరిచి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి, చెప్పండి," అన్నాడు శామ్సన్.

"వంట మొదలైంది! ఆ రాసిందంతా ప్రోగ్రామ్‌గా ఉడకాలి కదా. సినిమా అయిపోయాక పేర్లు పైకి పోతాయి చూడు, అలా అక్షరాలు పైకి పోతున్నాయి, ఒక పట్టాన ఆగవు. లోపల ఫ్యాను గుయ్యిమంటోంది. ల్యాప్‌టాప్ వేడెక్కింది. ముందు గోరువెచ్చగా ఉందిలే అని మోకాలి మీద పెట్టుకున్నాను, నొప్పి తగ్గింది. తర్వాత ఇంకా వేడెక్కింది. ఇంత వేడి ఎందుకు పోనివ్వాలని అప్పడం తెచ్చి మూత మీద పెట్టాను. పొంగింది! కట్టంతా కాల్చేశాను. పక్కింటివాళ్ళు పిండి రుబ్బుకుని వస్తే వాళ్ళకి అట్లు పోసిచ్చాను. లైబ్రేరియన్ రెండు తిన్నది."

"ఐతే నాకు గ్యాస్ బండ ఎందుకమ్మా?" నాగసాయి స్టవ్ వైపు చెయ్యి చూపించాడు. "గా ల్యాప్‌టాప్ ఈడ పెట్టరాదు?"

"పెడితే నువ్వు తట్టుకోలేవు నాయనా."

"ఆంటీ," మనోజ ముందుకి వంగింది. "అప్పడాలు సరే. మీరు కొట్టిన మాటేంటి? స్పెల్లింగ్ చెప్పండి చాలు."

ఈసారి అడగడంలో మెత్తదనం కొంచెం తగ్గింది. లీలమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. నేను దేన్ని మర్చిపోయినా పరవాలేదు, దీన్ని మర్చిపోవాలా, అని తన్నుతాను తిట్టుకుంది. పాలవాడి పేరు మర్చిపోయినప్పుడు ఇంత బాధపడలేదు. తాళంచెవులు ఫ్రిజ్‌లో దొరికినప్పుడూ పడలేదు.

"స్పెల్లింగ్ చెప్పే తీరికెక్కడిది నాకు?" అని గొంతు పెంచింది. "ల్యాప్‌టాప్ లేచిపోతుంటేనూ! అవును, లేచింది! ఆ ఫ్యాను తిరిగీ తిరిగీ, హెలికాప్టర్ లేచినట్టు బల్ల మీదనుంచి లేచింది. నేను ఊరుకుంటానా, ఛార్జర్ వైరు పట్టుకున్నాను. నన్నూ లేపింది. కిటికీలోంచి బయటపడ్డాం. కింద ఫిల్మ్‌నగర్ గుట్టలు, ఆ పక్క జూబ్లీహిల్స్ మేడలు. ఒక మేడ మీద నిర్మాత ఎవరో ఎండలో పడుకుని ఉన్నాడు, నన్ను చూసి లేచి, క్రేన్ ఎవరిదమ్మా, ఎక్కడ కిరాయికి దొరుకుతుంది అని అరిచాడు. నేను నమస్కారం పెడదామంటే చేతిలో వైరు ఉంది. గాలి బోరబండ వైపు కొట్టింది. స్టేషన్లో రైలు కదలబోతూ నన్ను చూసి ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, ఏమైందమ్మా అంటే, ఏం లేదు నాయనా, సాఫ్ట్‌వేర్ తయారవుతోంది, అయిపోగానే దిగుతాను అన్నాను."

"నిన్న మధ్యానం మా ఆడది స్టేషన్ కాడనే ఉండె," అన్నాడు నాగసాయి ఆలోచిస్తూ. "గాలిలో ముసలామె పోయిందని జెప్పలేదే."

"తల పైకెత్తితే కదా కనపడేది!"

శామ్సన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. లీలమ్మకి నవ్వించినందుకు సంతోషంగానే ఉంది, కానీ ఆ సంతోషం గొంతు దాటి కిందికి దిగడం లేదు. తను ఎంత ఎత్తుకి ఎగిరినా మనోజ అక్కడే, బెంచీ చివర, గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

"మూడోదైనా చెప్పండి," అంది మనోజ.

మూడోది! ఇన్‌స్టాల్ గుర్తుంది. దాని ముందు సుడో అని ఒక మాట ఉండాలి, అదీ గుర్తుంది. కానీ ఆ రెంటి మధ్యా మళ్ళీ ఆ పాడు మాటే ఉంది, ఆ పోయిన మాటే.

"మూడోదానికి ముందు సుడో అనాలి," అని హుషారుగా అందుకుంది లీలమ్మ. "ఇంటి యజమాని చెబితేనే వింటుంది కంప్యూటర్, సుడో అంటే యజమానిని నేనే అని చెప్పడం. అది మన నాగసాయి భాష. సూడు! నా దిక్కు సూడు! అంటే వెంటనే చూస్తుంది. చూడగానే పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. అప్పుడు ఆ... ఆ మాట అని, పక్కన ఇన్‌స్టాల్ అన్నాను."

"ఏ మాట అని?"

ఇంతలో మనోజ ఫోన్ మోగింది. చూసి, "సిద్ధార్థ. రేపు రావాలా వద్దా అని," అంది. ఎత్తలేదు. అలా చేతిలోనే పట్టుకుంది. ఫోన్ మోగుతూనే ఉంది.

ఆ మోతకి లీలమ్మ గబగబా అందుకుంది. ఇక ఆగలేదు.

"ఇన్‌స్టాల్ అనడం ఆలస్యం, అయింది! నా ఒక్క కంప్యూటర్‌లోనే అనుకున్నారా? నేను గాల్లో ఉన్నాను కదా, పైనుంచి పడింది కదా, వాన పడ్డట్టు పడింది! జూబ్లీహిల్స్ మొత్తానికి ఇన్‌స్టాల్ అయిపోయింది! కార్లలో అయింది, ఫ్రిజ్‌లలో అయింది, లిఫ్టుల్లో అయింది. లిఫ్టు ఎక్కితే నా గొంతు! 'మూడో అంతస్తు వచ్చింది నాన్నా, జాగ్రత్తగా దిగు' అంటోంది. ఫ్రిజ్ తెరిస్తే, 'మళ్ళీ ఐస్‌క్రీమేనా, నీ ఒళ్ళు నువ్వు చూసుకున్నావా' అంటోంది. కారు వేగంగా పోతే, 'నేను దిగిపోతాను, ఆపు' అంటోంది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు కూడా..."

"అమ్మా, జర ఆగు," అన్నాడు నాగసాయి.

లీలమ్మ ఎర్రలైటు దగ్గర ఆగింది.

"ఒక్క ముచ్చట అడుగుత, కోపం జేస్కోకు."

"అడుగు నాయనా."

"మొదటి మాట జెప్పినప్పుడు నువ్వు గీ బెంచి మీదనే కూసున్నవ్. చుక్క ఏడ, గీత ఏడ, ఎందుకు, ఏంది, అంత మంచిగ జెప్పినవ్. నాకే సమజైంది. రెండో మాట అడగంగనే అప్పడాలు గాల్చినవ్. మల్లడిగితే బోరబండకు లేసిపోయినవ్. గిప్పుడడిగితే లిఫ్టులెక్కినవ్." గుడ్డ భుజం మీద వేసుకుని, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "గా మాట నీకు యాదికి లేదు గదమ్మా?"

మనోజ చేతిలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

లీలమ్మ నోరు తెరిచింది. "ఆ తర్వాత ఏమైందో..." అంది. తర్వాత ఏమీ రాలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, పెదవి కదిలిన చోట ఖాళీని ఖాళీగానే వదిలేసింది.

"లేదురా," అంది.

ఎవరూ నవ్వలేదు. అదే ఆమెకి భరించరానిదయింది. వీళ్ళు నవ్వకపోతే ఎలా? అందుకని తనే నవ్వింది ముందు. "ఆటోలో ఉంది. దిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు చూసుకున్నాను గానీ మాట చూసుకోలేదు. ఆటోలోనే ఉండిపోయింది. ఇప్పుడు నాకు గుర్తున్నది ఒక్కటే మాట, మేకప్. అది తప్పని కూడా గుర్తుంది. నిన్న ఎన్నిసార్లు కొట్టానో! కొట్టిన ప్రతిసారీ, ఆ ఆజ్ఞ నాకు తెలియదు పొమ్మంది. రీడ్ మీ చూసి చూసి, చివరికి ఎలాగో సరైనది కొట్టాను, అయిపోయింది, నీకు ఫోన్ చేశాను. సరైనది పోయింది, తప్పు మాత్రం భద్రంగా ఉంది. నా బుర్ర పనితనం అది. రేపు ఆ సిద్ధార్థని రమ్మను మనోజా. ఫోన్ చెయ్యి, పాపం ఎదురు చూస్తుంటాడు."

"అదేంటండీ," అన్నాడు శామ్సన్, గ్లాసు గాల్లోనే పట్టుకుని. "మేకప్ కాదా?"

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"మీరు మేకప్ కొట్టారా?" అంది మనోజ.

"అదే కదండీ మీరు చెప్పారు! నేనూ అదే కొట్టాను. నా పక్కన సోఫియాగారూ అదే కొట్టారు. ఆవిడ మేకప్ డిపార్ట్‌మెంటే కదా, స్పెల్లింగ్ ఆవిడే చెప్పింది అందరికీ."

మనోజ ఫోన్ ఒళ్ళో పడేసింది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని నాగసాయి కంగారుపడ్డాడు. కాదు, నవ్వు.

"రెండు ఆదివారాలు!" అంది ఊపిరి తీసుకుంటూ. "రెండు ఆదివారాలు 'మేక్ కొట్టండి, మేక్ కొట్టండి' అని అరిచాను. అందరూ కొట్టాం మేడమ్ అంటారు, ఎవరికీ రాదు. ఎవరి స్క్రీనూ వంగి చూడకుండా కంప్యూటర్లు పాడయ్యాయనుకున్నాను. ఆఫీసులో మేక్ అంటే మేకే. ఫిల్మ్‌నగర్‌లో దాని పక్కన అప్ లేకుండా ఎవరూ వినరని నాకేం తెలుసు!"

"మేక్!" అంది లీలమ్మ. లోపల ఎక్కడో తలుపు తెరుచుకుంది. "అదే! అంతేనా? ఆ తోక తీసేస్తే చాలా?"

"అంతే. తర్వాత సుడో మేక్ ఇన్‌స్టాల్. అక్కడా తోక లేదు."

"హవ్వ! చీకటి గదిలో మైకు ముందు నిలబడేదానికి మేకప్ ఎవరేస్తారే? జన్మలో మొహానికి రంగు పూసుకోని ఉద్యోగం నాది. ఆ మాట వచ్చి నన్నే పట్టుకోవాలా!"

ఇప్పుడు నవ్వారు అందరూ. నాగసాయి స్టవ్ మీది పాలు పొంగిపోయేదాకా నవ్వాడు.

మనోజ ఫోన్ తీసి, అక్కడే నిలబడి మాట్లాడింది. "సిద్ధార్థా, రేపు నువ్వు రానక్కర్లేదు. లేదు, లేదు, మనిషి దొరికింది. అందరూ ఎక్కడ పడతారో అక్కడ ముందే పడి వచ్చిన మనిషి." ఫోన్ సంచీలో వేసుకుని లీలమ్మ వైపు తిరిగింది. "పొద్దున్నే వచ్చెయ్యండి ఆంటీ. మీరు ముందు నిలబడి చెప్పండి, నేను పక్కనే కూర్చుంటాను. ఒక్కటే షరతు."

"చెప్పు."

"మర్చిపోయిన చోట ఎగరొద్దు. మర్చిపోయాను అనండి. నన్నడగండి."

లీలమ్మ ఆ షరతుని అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో ఆమెకి పెద్ద నష్టమే కనిపించింది.

"అలా అనేస్తే ఇక కథేముంటుందే?"

"కథ ఉండదాంటీ," అంది మనోజ. "ఇన్‌స్టాల్ అవుతుంది."